దున్నకు వంక పెట్టినవాళ్ళు

పశువుల ఆస్పత్రి, మందుల గది
జూన్

మౌనీ,

ఫోను చేస్తే ఊ, ఆ అని రెండు ముక్కలు అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే నీకు నోరుంటుంది.

మీ పత్రిక వచ్చింది. మా దున్న బండి గురించి మీవాడు రాసిన సమీక్ష చదివాను. చదివి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. పొద్దున్నే కుళ్ళిన మాయ తీసి వచ్చాను ఒక ఆవుకి. అప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు.

తలుపు వేయాలంటే భుజబలం కావాలట. ఇంజను హోరులో పాటలు వినపడవట. పాటలు వినడానికా ఆ బండి కొనుక్కున్నది? అన్నిటికన్నా గొప్ప ముక్క ఇంకోటి ఉంది. మలుపు తిరిగాక స్టీరింగు దానంతట అది వెనక్కి రాదట, చేత్తో తిప్పి తెచ్చుకోవాలట, "అలవాటు లేనివారికి ఇది ప్రమాదం కావచ్చు" అట. ఇన్నేళ్ళుగా నడుపుతున్నాను. బురదలో నడిపాను, రాళ్ళ మీద నడిపాను, చీకట్లో ఏరు దాటించాను. నాకు ఒక్కసారి కూడా తెలియని సంగతి ఈయనగారికి ఒక్క పూటలో తెలిసిపోయింది. ఫొటోలో చూశాను ఆ మహానుభావుణ్ణి. చేతులకు తోలు తొడుగులు. బూట్ల మీద చిన్న మరక కూడా లేదు. బండికేమో నడుం దాకా బురద. మనిషి బండిలోంచి ఎగిరి దూకాడా?

మా సంఘం అంతా మండిపోతోంది. సంఘం అంటే పెద్దదేం కాదులే. ఈ చుట్టుపక్కల దున్న ఉన్నవాళ్ళందరం ఫోనులో ఒక గుంపుగా ఉంటాం. రాళ్ళ క్వారీ ఆయన మాకు పెద్ద. టైరు పగిలితే సలహా చెబుతారు, బురదలో దిగబడితే వచ్చి లాగుతారు. తలా ఒక ఉత్తరం రాసి మీవాడిని ఉతికి ఆరేయాలని ఆయనే అన్నారు. నాది రేపు పంపుతాను. పాఠకుల ఉత్తరాల పేజీ నీ చేతిలోనే ఉంది కదా, ఒక్క ముక్క కొయ్యకుండా వెయ్యి.

మీ బాబాయి బాగానే ఉన్నారు. ఎక్కువగా వసారాలోనే కూర్చుంటున్నారు. పక్క ఊళ్ళో డ్రాయింగు క్లాసులు కొన్నాళ్ళు మానేశారు.

నీ పిన్ని


పత్రికాఫీసు, మూడో అంతస్తు
జూలై

పిన్నీ,

నీ ఉత్తరం వేశాను. ఒక్క ముక్క కొయ్యలేదు. "పాలు పితకడం రానివాడు పొదుగుకు వంక పెట్టినట్టు" అన్న వాక్యం దగ్గర మా ఎడిటరు గట్టిగా నవ్వారు. ఆయన నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

మీ సంఘం ఉత్తరాలు గోనెసంచిలో వచ్చాయి. బల్ల మీద పట్టక కుర్చీ కింద పెట్టుకున్నాను. ఎడిటరుకు పండగే. తిట్లు వస్తే పత్రిక చదువుతున్నారని అర్థమట. వచ్చే నెల కూడా దున్న మీదే పేజీ నడపమన్నారు.

నువ్వు అడిగిన బురద సంగతి. అది ఆఫీసు వెనక ఖాళీ జాగాలో జరిగింది. మూడో అంతస్తు కిటికీలోంచి చూశాను. ఫొటోగ్రాఫరు బకెట్లో మట్టి కలిపి, గోడలకు సున్నం వేసే కుంచెతో బండికి పూశాడు. చక్రం మీద ఎక్కువైందని సమీక్ష రాసే ఆయన చెబితే గుడ్డతో కొంచెం తుడిచాడు. ఆ తర్వాత ఆయన తొడుగులు వేసుకుని పక్కన నిలబడ్డారు. ఆఫీసులో అందరూ ఆయన్ని గ్లవ్స్ గారు అంటారు. ఎదురుగా సార్ అంటారు. నేను రెండూ అనను. నాతో ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన రాసినదాంట్లో తప్పులు దిద్దేది నేనే. "దుర్గమమైన కొండదారుల్లో" అని రాస్తే ఏ కొండ అని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. ఆ కాగితం నా గుర్తును కొట్టేసి వెనక్కి వచ్చింది.

బాబాయి క్లాసులు ఎందుకు మానేశారు? ప్రతి ఏడూ నా పుట్టినరోజుకు ఒక బొమ్మ వేసి పంపేవారు. ఈసారి రాలేదు. మరిచిపోయారనుకుని ఊరుకున్నాను. ఆయన మరిచిపోయే మనిషి కాదు కదా అని ఇప్పుడు అనిపిస్తోంది.

మౌని


పశువుల ఆస్పత్రి, మందుల గది
ఆగస్టు

మౌనీ,

పేజీ చూశాం. క్వారీ ఆయన దాన్ని అద్దం కట్టించి ఆఫీసులో పెట్టుకున్నారు. కుంచెతో బురద పూసిన కథ గుంపులో చెప్పాను. నీ పేరు రాకుండానే చెప్పానులే. మరునాటి నుంచి ఎవరి బండికి బురద అంటినా "ఏ రంగు కొట్టించారు, ఎన్ని కోటింగులు" అనే. ఆయన తొడుగుల మీద కూడా రకరకాలుగా అనుకున్నారు. అవి నీకు రాయలేను, కాన్వెంటులో చదివిన పిల్లవి.

మీ బాబాయి సంగతి. నీకు చెప్పకూడదనుకున్నాను. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

చలికాలంలో నాకు జ్వరం వచ్చింది. పాలకేంద్రం అవతల ఒక దూడకు సెలైను పెట్టాలి, తప్పదు. మీ బాబాయి నడుపుతానన్నారు. దున్నను ఆయన నడపడం అదే మొదలు. అంతకుముందు చిన్న కారు ఉండేది కదా, పెళ్ళయినప్పటినుంచి దాన్ని ఆయనే నడిపారు, ఒక్క గీత పడలేదు. దున్నకు షెడ్డు వేయడానికి జాగా కావాలని ఆ ముందు నెలలోనే దాన్ని అమ్మేశాం. సరే, పాలకేంద్రం దగ్గర మలుపు బాగానే తిప్పారు. తిప్పి, అలాగే తిరుగుతూ పోయి, కలప అడితి గోడకు కొట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. గోడ పడింది. పలకలు దొర్లాయి. అడితి వాళ్ళు, దారిన పోయేవాళ్ళు అందరూ చేరారు. ఆయన స్టీరింగు పట్టుకుని కూర్చుని, "అది వెనక్కి రాలేదు" అన్నారు. అదొక్కటే మాట.

నాకు జ్వరం, పైగా సిగ్గు. ఏమన్నానో సరిగ్గా గుర్తు లేదు. బాగా అనలేదు. గుంపులో ఈ ముక్క చెబితే క్వారీ ఆయన "స్టీరింగేమన్నా అలిగి పుట్టింటికి వెళ్ళిందా మాస్టారూ, తిరిగి రాకపోవడానికి" అన్నారు. నేను కూడా నవ్వాను. కొన్నాళ్ళు అదే పాట. బజారులో కూడా ఎవరో అన్నారట, మీ బాబాయి మొహం మీదే.

ఆ తర్వాత ఆయన చేతులు వణుకుతున్నాయన్నారు. నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. అన్నీ చూసి ఏమీ లేదన్నాడు. ఆయన నమ్మలేదు. "డాక్టరుకు కనిపించకపోతే లేనట్టా? ఆ రోజు నా చేతులు నా మాట వినలేదు" అంటారు. పెన్సిలు పట్టుకుంటారు, గీత గీస్తారు, వంకరగా ఉందంటారు, తీసి పక్కన పెడతారు. నాకు తిన్నగానే కనిపిస్తుంది. ఇక డ్రైవింగు వద్దని నేనే అన్నాను. క్లాసులకు బస్సులో వెళ్ళమంటే, చెయ్యి ఆడనివాడు పిల్లలకు ఏం నేర్పుతాడని మానేశారు.

వయసు, మౌనీ. అందరికీ వస్తుంది. నువ్వు దీని గురించి ఆయనకు రాయకు.

నీ పిన్ని


పత్రికాఫీసు, మూడో అంతస్తు
సెప్టెంబరు

పిన్నీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి రాశాను. సరిగ్గా రాయలేకపోతే మన్నించు.

మీ సంఘం ఉత్తరాలు అన్నీ చదివాను. ప్రతిదాంట్లోనూ స్టీరింగులో ఏ లోపమూ లేదని ఉంది. చాలావాటిలో ఇంకో రకం ముక్క కూడా ఉంది. ఒకాయన, తన తమ్ముడికి డ్రైవింగు బొత్తిగా రాదని, దున్నను తీసుకెళ్ళి మొదటి మలుపులోనే కాలవలో దించాడని రాశారు. ఒకావిడ అల్లుణ్ణి వెక్కిరించింది. బండి ఇస్తే గేటు విరగ్గొట్టాడట. ఇంకొకాయన డ్రైవరును తీసేశాడు, మలుపులో నిద్రపోతున్నాడని. వీళ్ళందరూ వీటిని దున్న గొప్పదనానికి సాక్ష్యంగా రాశారు. చేతకానివాళ్ళకు అది లొంగదని. చదువుతూ మొదట నేను కూడా నవ్వాను. నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ తీసి చదివాను. నవ్వు రాలేదు.

అప్పుడు గ్లవ్స్ గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన గది తలుపు నేను కొట్టడం ఇదే మొదటిసారి. ఆ స్టీరింగు సంగతి నిజమా అని అడిగాను. ఏ స్టీరింగు అన్నారు. చదివి వినిపించాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నిజమే అనుకుంటాను. రెండు మలుపులు తిప్పాను, వదిలేస్తే అలాగే ఉండిపోయింది. సమీక్ష అన్నాక ఒకటో రెండో వంకలు ఉండాలమ్మా, లేకపోతే కంపెనీ రాయించిందంటారు. కంపెనీకి నొప్పి తగలని వంక చూసి పెట్టాలి. ఆ బండి కొనేవాళ్ళు స్టీరింగు చూసి కొంటారా?"

ప్రమాదం అని కూడా రాశారు కదా అన్నాను. వాక్యం చివర్లో బరువుగా ఉంటుందని పెట్టానన్నారు. ఆ తర్వాత నన్ను ఏ సెక్షను అని అడిగారు. ఆయన రాతలు దిద్దుతూ ఇక్కడ ఎంతకాలంగానో ఉన్నాను. బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. అబద్ధం చెప్పే మనిషి అయితే కోపం వచ్చేది. చెప్పింది నిజమే, దాన్ని ఆయన రుచికి ఉప్పులా వాడుకున్నారు.

పిన్నీ, నాకు డ్రైవింగు రాదు. కింద మా ఆఫీసు డ్రైవరును అడిగితే, మామూలు కార్లలో మలుపు అయ్యాక పట్టు సడలిస్తే చాలు, స్టీరింగు చేతుల్లోంచి జారుతూ తనే తిన్నగా అయిపోతుందన్నాడు. బాబాయి ఆ చిన్న కారులో అన్నేళ్ళు అలాగే చేసి ఉంటారు. ఆ రోజు కూడా అలాగే చేసి ఉంటారు. నువ్వేమో దున్న స్టీరింగును చేత్తో వెనక్కి తెచ్చి తెచ్చి, తెస్తున్నావన్న సంగతి నీకే తెలియనంతగా అలవాటు పడి ఉంటావు. మీ సంఘం అందరూ అంతే కాబోలు. అందుకే అందరూ లోపం లేదంటున్నారు. అబద్ధం కాదు అది. మీకు తెలియదు.

ఆయన చేతులు బాగానే ఉన్నాయేమో పిన్నీ.

మౌని


పశువుల ఆస్పత్రి
సెప్టెంబరు

మౌనీ,

నీ ఉత్తరం అందింది.

స్కూటరు కూడా నడపడం రాని పిల్ల, కుర్చీలోంచి లేవకుండా ఉత్తరాలు చదివి, నా చేతులు ఏం చేస్తున్నాయో నాకు చెబుతోంది. ఆ తొడుగులవాడికీ నీకూ తేడా ఏముంది? వాడు కనీసం బండి ఎక్కాడు.

ఆయన చేతులు నాకు తెలుసు. రోజూ చూస్తున్నాను. నీకు దయగా అనిపించింది నువ్వు రాశావు. ఆ మాట పట్టుకుని ఆయన మళ్ళీ స్టీరింగు ముందు కూర్చుంటే, ఈసారి గోడకు బదులు మనిషి ఉంటే, ఎవరు జవాబు చెబుతారు? నువ్వా, మీ ఎడిటరా?

మా సంఘాన్ని కూడా వదల్లేదు నువ్వు. బురదలో దిగబడినప్పుడు వచ్చి నన్ను బయటికి లాగింది వాళ్ళు, పత్రికలవాళ్ళు కాదు.

ఇక ఈ విషయం మన మధ్య వద్దు.

పిన్ని


పత్రికాఫీసు
అక్టోబరు

పిన్నీ,

నువ్వన్నది నిజం. నాకు బండి తెలియదు. నా మాట నమ్మవద్దు.

ఎవరూ లేని మైదానంలో, ఒక్క మలుపు తిప్పి, నీ చేతులు తీసెయ్యి. అంతే. ఏమైందో నాకు రాయనక్కర్లేదు.

నీతో ఎప్పుడూ ఇలా మాట్లాడలేదు. రాసి రెండు రోజులు బల్ల సొరుగులో పెట్టుకున్నాను. ఇవాళ పోస్టులో వేస్తున్నాను.

మౌని


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
డిసెంబరు

మౌనీ,

ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. రాయడానికి మొహం లేక.

నువ్వు రాసిన రోజునే వెళ్ళలేదు. చాలా రోజులు ఆ కాగితం మందుల కింద దాచాను. నడిపేటప్పుడు చేతులు చూసుకుందామని ఒకసారి అనుకున్నాను. చూస్తే అవి సిగ్గుపడ్డట్టు తడబడ్డాయి, ఏమీ తేలలేదు. పోయిన నెల సంత లేని రోజు చూసి పశువుల సంత మైదానానికి వెళ్ళాను. కాకులు తప్ప ఎవరూ లేరు. మెల్లగా పోనిచ్చి, కుడికి తిప్పి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

అది తిరుగుతూనే ఉంది. గానుగెద్దులా. బ్రేకు నొక్కాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. ఆ మైదానం నా చుట్టూ, పశువుల్ని కట్టే రాటలు, నీళ్ళ తొట్టి, గేటు, మళ్ళీ రాటలు, తొట్టి, గేటు. నేను మధ్యలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నదానిలా. చివరికి ఆపి, దిగి, వాంతి చేసుకున్నాను. తిరగడంవల్ల అని చెప్పొచ్చు. కాదు.

ఇన్నేళ్ళూ పశువుల దగ్గర నేను చేసే పని ఏమిటి? అవి చెప్పలేవు, నేనే చూసి తెలుసుకోవాలి. ఈయన నోరు తెరిచి చెప్పారు. పక్కన కూర్చుని విన్నాను. విని, తీసుకెళ్ళి గుంపులో నవ్వులకు పెట్టాను.

ఇంటికి వచ్చి చెప్పాను. వసారాలో ఉన్నారు. మైదానం సంగతి, నీ ఉత్తరం సంగతి, అంతా చెప్పాను. తప్పు నాదన్నాను. లేచి నా చెయ్యి పట్టుకుంటారనుకున్నానో, తిడతారనుకున్నానో తెలియదు. రెండూ చేయలేదు. "ఆ రోజే చెప్పాను కదా" అన్నారు. తర్వాత, "టీ ఇవ్వు. ఈసారి గ్లాసు నిండా పొయ్యి" అన్నారు.

మౌనీ, ఒలుకుతుందని నేను ఎన్నాళ్ళుగానో ఆయనకు సగం గ్లాసే పోసి ఇస్తున్నాను. ఆయన గమనించలేదనుకున్నాను. నిండా పోసి తెచ్చాను. కొంచెం ఒలికింది, ఆయన అందుకోకముందే.

ఆ వారమే గుంపులో రాశాను. మైదానంలో జరిగింది జరిగినట్టు రాసి, మీరు కూడా ఒకసారి చేతులు తీసి చూడండి, మీ తమ్ముళ్ళనీ అల్లుళ్ళనీ అన్న మాటలు వెనక్కి తీసుకోవాల్సి వస్తుందేమో చూడండి అన్నాను. తర్వాత క్వారీ ఆయన, "డాక్టరమ్మకు కూడా చేతులు మొదలయ్యాయి. ఇంట్లో అంటుకునే జబ్బు కాబోలు" అని పెట్టారు. కింద వరసగా నవ్వులు. ఎవరెవరు నవ్వారో పేర్లు చదివాను. కలప అడితి దగ్గర ఆ రోజు బండిని లాగినవాళ్ళు ఉన్నారు. నేను పురుడు పోసిన గేదెల తాలూకు ఇళ్ళవాళ్ళు ఉన్నారు. పోయిన ఏడు ఆ నవ్వుల్లో నా నవ్వు ఉంది కాబట్టి నాకు అది కొత్తగా ఏమీ వినిపించలేదు. నాకు తెలిసిన వాసనే. మీవాడి తొడుగులు తలుచుకుంటే వేసే రోత దీని ముందు ఏపాటి? వాడికి మేమెవరమో తెలియదు. వీళ్ళకు మీ బాబాయి తెలుసు. ఆయన దగ్గర వీళ్ళ పిల్లలు బొమ్మలు నేర్చుకున్నారు. ఆ గుంపులోంచి వచ్చేశాను. ఎందుకు వచ్చేశానని ఎవరూ అడగలేదు కూడా.

ఇందులో ఇంకో కాగితం పెట్టాను, మీ పేజీకి, నా పాత ఉత్తరం తప్పని. మీ ఎడిటరు వేయనంటారేమో. అయినా ఒకసారి ఆయన గది తలుపు కూడా కొట్టి చూడు.

ఇక మొన్నటి సంగతి. కొండ మీద పాకలో గేదె ఈనలేక తన్నుకుంటోందని కబురు వచ్చింది. నేను పెట్టె సర్దుకుంటుంటే మీ బాబాయి చెప్పులేసుకుని వచ్చి అరచెయ్యి చాపారు. తాళం ఇచ్చాను. ఎక్కారు. నేను పక్కన కూర్చున్నాను.

మొదటి మలుపు తిప్పారు, చేత్తో వెనక్కి తెచ్చారు. కొత్త కాబట్టి కొంచెం ఎక్కువే తెచ్చారు, సర్దుకున్నారు. బాగానే నడుపుతున్నారు. నేను దారి చూస్తున్నాననే అనుకున్నాను. రెండో మలుపులో నా చెయ్యి పోయి తలుపు పిడి పట్టుకుంది. నేను పట్టుకోమనలేదు. మైదానం చూసిన తర్వాత, అన్నీ తెలిసిన తర్వాత, భయపడ్డాను. భయం కాదు అలవాటు అని నీకు రాద్దామనుకున్నాను. భయమే.

ఆయన చూశారు. చెట్టు పక్కగా తీసి బండి ఆపారు. ఇంజను ఆపలేదు.

"వెనక కూర్చో" అన్నారు.

కోపంగా అనలేదు. డ్రాయింగు క్లాసులో ఎవరైనా కాగితం మీదికి వంగి నీడ పడేలా నిలబడితే ఎలా జరగమనేవారో, అలా అన్నారు. దిగి, వెనక్కి వెళ్ళి, ఆయన సీటు వెనకాలే సెలైను డబ్బాల పక్కన కూర్చున్నాను. గేదె బతికింది, దూడ బతికింది.

దిగి వచ్చేటప్పుడు ఆయన ముందు తలుపు తీసి పెట్టారు. నేను అక్కడిదాకా వెళ్ళి, మళ్ళీ వెనకే ఎక్కాను. అక్కడ కూర్చుంటే ఆయన మెడ కనిపిస్తుంది, భుజాలు కనిపిస్తాయి, దారి కొంచెం కనిపిస్తుంది. చేతులు కనిపించవు.

నీ పిన్ని